కొలతలిచ్చేటప్పుడు పొట్ట లాక్కోకు

ఫిబ్రవరి 3

ఒరేయ్ బండోడా,

నువ్వు బిగించమని పంపిన మూడు ప్యాంట్లూ అందాయి. నడుము ముప్పై ఎనిమిది నుంచి ముప్పై నాలుగుకి తగ్గించమని చీటీ పెట్టావు, ఏదో పాలు ఒక లీటరు తగ్గించమన్నంత తేలిగ్గా. నాలుగు నెలల్లో నాలుగు అంగుళాలు ఎక్కడికి పోయాయిరా? ఇంక నిన్ను బండోడా అని పిలవడానికి నాకు హక్కు కూడా లేదు, అయినా పిలుస్తాను.

అసలు సంగతి అది కాదు. లిఫ్టు మెకానిక్ ప్యాంటు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పదిహేనేళ్ళుగా నీ ప్యాంట్లకి మోకాళ్ళ మీద మాసికలు వేసేది నేనే కదా. ఈసారి మోకాళ్ళు కొత్తవాటిలా ఉన్నాయి, గ్రీజు మరక ఒక్కటి లేదు. వెనక కూర్చునే చోటు మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది. "పని ఎక్కువగా ఉంది అక్కా, ఊపిరాడట్లేదు" అని నెలకో ఉత్తరం రాస్తున్నావు. నీ ఉత్తరాన్ని నమ్మనా, నీ ప్యాంటుని నమ్మనా?

అక్టోబరులో నువ్వూ, నీకు పని నేర్పిన గురువుగారూ పైన నిలబడి ఉండగా ఆ లిఫ్టు అదుపు తప్పి పైకి పోయినప్పుడు నీకు ఒక్క గీత కూడా పడలేదని అందరం ఊపిరి పీల్చుకున్నాం. మీ గురువుగారికి భుజం ఎముక విరిగింది కాబట్టి అందరి చూపూ ఆయన మీదే పోయింది. నీలో ఏం విరిగిందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఆ తప్పు నాదే.

నా దగ్గర కోట్లు కుట్టించుకునే హెడ్మిస్ట్రెస్ ఒకావిడ ఉంది. వాళ్ళాయనకి ఇలాంటిదే ఏదో జరిగితే, మాటలతో మనసుకి వైద్యం చేసే థెరపిస్టు దగ్గరికి వెళ్ళి కుదుటపడ్డాడట. నువ్వూ వెళ్ళు. ఫోన్ చేసి కోప్పడదామంటే నాకు వినిపించి చావదు, మిల్లు మిషన్లు నా చెవుల్ని తినేశాయి. అందుకే ఈ కాగితం మీద కోప్పడుతున్నాను. పెద్ద అక్షరాలతో రాసినచోట అరిచినట్టు అనుకో.

ప్యాంట్లు ముప్పై ఆరుకే తగ్గించాను. మిగతా రెండు అంగుళాలు నువ్వే నింపాలి.

— అక్క

*

ఫిబ్రవరి 11

అక్కా,

ప్యాంట్లు వదులుగా ఉన్నాయి. బెల్టుకి ఇంకో కన్నం పెట్టుకున్నాను.

నువ్వు టైలరువా, పోలీసువా? సబ్బు మార్చాం, అందుకే గ్రీజు పోయింది అని రాద్దామనుకున్నాను. నువ్వు నమ్మవని తెలిసి మానేశాను. సరే విను. నవంబరు నుంచీ నేను షాఫ్టులోకి దిగలేదు. షాఫ్టంటే లిఫ్టు తిరిగే నిలువు సొరంగం. మా పని సగం అందులోనే, లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి. ఆ తలుపు తీసి లోపలికి తొంగిచూస్తే చాలు, చేతులు నావి కానట్టు అయిపోతాయి. ఆఫీసులో కూర్చుని ఫిర్యాదుల ఫోన్లు ఎత్తుతున్నాను. లిఫ్టు ఎక్కడం కూడా మానేశాను. ఇరవై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసినవాణ్ణి మెట్లెక్కి ఇంటికెళ్తుంటే వాచ్‌మన్ నవ్వుతాడు.

కంపెనీ జూన్ నెలాఖరు దాకా గడువిచ్చింది. ఆలోగా కంపెనీ డాక్టరు నన్ను పరీక్ష చేసి "షాఫ్టు పనికి తగినవాడు" అని చీటీ ఇవ్వాలి. లేకపోతే శాశ్వతంగా స్టోర్సులోకి, బోల్టులు లెక్కపెట్టే సీటుకి. ఉద్యోగం పోదు, జీతమూ పెద్దగా తగ్గదు. కానీ అక్కా, నాకు వచ్చిన పని అదొక్కటే, నాకు ఇష్టమైన పనీ అదొక్కటే.

నీ పోరు పడలేక ఒకసారి వెళ్తాను. ఒక్కసారే.

మీ మరదలు నిన్ను అడిగినట్టు చెప్పమంది. బావకి నమస్కారం.

— నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 24

అక్కా,

వెళ్ళాను. పాసయ్యాను.

థెరపిస్టు ఆసుపత్రి పక్కనే ఉంటాడు, కళ్ళజోడు, మంచి మనిషి. నేనూ తయారై వెళ్ళాను లే. ముందురోజు క్షవరం చేయించుకున్నాను, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఏమేం అడుగుతారో మీ మరదలి చేత అడిగించుకుని జవాబులు సాధన చేశాను. నిద్ర ఎలా ఉంది? బాగుంది. ఆకలి? బాగుంది. ఆ రోజు గుర్తొస్తుందా? అప్పుడప్పుడు, మామూలే కదండీ. ముప్పై అయిదు నిమిషాల్లో అయిపోయింది. "మీరు బాగానే తట్టుకున్నారు" అన్నాడు. ఒక్క తప్పు కూడా పట్టుకోలేకపోయాడు.

మెట్లు దిగి వచ్చేటప్పుడు లిఫ్టుకి ఏడాది తనిఖీ పూర్తయినంత హాయిగా ఉంది. ఇంక నువ్వు నిశ్చింతగా ఉండు.

— తమ్ముడు

*

మార్చి 2

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి నా నెత్తిమీంచి బస్తా దించినట్టయింది. షాపులో అందరికీ టీలు తెప్పించాను. మా తమ్ముడు పరీక్ష పాసయ్యాడంటే, కొలతలివ్వడానికి వచ్చిన బ్యాంకు ఆయన "ఏ క్లాసు?" అని నా చెవి దగ్గర అరిచి అడిగాడు. నలభై నాలుగేళ్ళ క్లాసు అన్నాను. మీ బావ నవ్వాడు, ఏమన్నాడో నాకు వినిపించలేదు గానీ మంచిమాటే అయ్యుంటుంది.

ఇంతకీ షాఫ్టులోకి ఎప్పుడు వెళ్తున్నావు? ఆ సంగతి నీ ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు. సంతోషంలో మర్చిపోయి ఉంటావు.

ఇంకొకరికి కూడా చూపించు. పెద్ద బట్ట కోసేముందు నేను రెండుసార్లు కొలుస్తాను.

— అక్క

*

మార్చి 14

అక్కా,

రెండో థెరపిస్టు దగ్గరా పాసయ్యాను. ఈవిడ ఇరవై నిమిషాలే తీసుకుంది, మధ్యలో రెండుసార్లు ఫోన్ ఎత్తింది. మనసు గట్టి చేసుకోండి, మంచి ఆలోచనలు పెట్టుకోండి, మీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళని చూసి ధైర్యం తెచ్చుకోండి అంది. ఆ మాత్రం మా వాచ్‌మన్ కూడా చెప్తాడు. కానీ ఆవిడా ఏ లోపమూ లేదనే చెప్పింది. ఇద్దరికిద్దరు.

షాఫ్టు సంగతి అడిగావు. వెళ్తాను. తొందరేముంది, జూన్ దాకా ఉంది కదా.

— తమ్ముడు

(వెనక వైపు, వేరే దస్తూరీలో)

వదినా, ఆయన చూడకుండా రాస్తున్నాను. ఈయన పాసవుతున్నారు గానీ ఇంట్లో మేము ఫెయిలవుతున్నాం. మంచం మీద పడుకోవడం మానేశారు, పైకప్పు కనపడకూడదట. కుర్చీలో బూట్లతోనే కునుకు తీస్తారు. మొన్న అమ్మాయి తలుపు గట్టిగా వేసిందని ప్లేటు విసిరి, తర్వాత తనే ముక్కలన్నీ ఏరి, దాన్ని పట్టుకుని ఏడ్చారు. మీ మాటైతే వింటారని.

*

మార్చి 20

బండోడా,

ఎవరు చెప్పారని అడగకు. అన్నీ తెలిశాయి. ప్లేటు సంగతి కూడా.

మూడు రోజులుగా నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. టీలు తెప్పించిన నా తెలివికి నేనే చెంపలు వాయించుకోవాలి. పాసవడమేమిట్రా? నువ్వు ఇన్‌స్పెక్టరుకి లిఫ్టు చూపించినట్టు చూపించావు నిన్ను. ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు మీరంతా ఏం చేస్తారో నువ్వే చెప్పి నవ్వించేవాడివి. దుమ్ము దులిపి, దీపాలు మార్చి, మొరాయించే బటన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నిలబడతారు. అదే చేశావు. ఆ కళ్ళజోడాయన్ని తప్పుపట్టడానికేముంది, చూపించినదాన్నే చూశాడు పాపం.

నా దగ్గరికి పెద్దపెద్దవాళ్ళు వస్తారు. టేపు నడుముకి చుట్టగానే ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. నేను వదలండి అంటాను, వదిలేశాం అంటారు. ఆ కొలతతో కుడితే పెళ్ళిలో కూర్చోగానే గుండీ ఎగిరిపోతుంది, తిట్లు నాకు. పొట్ట లాక్కునేవాడికి ఎంత గొప్ప టైలరైనా సరిపోయే బట్ట కుట్టలేడు. నువ్వు ఇద్దరి ముందూ పొట్ట లాక్కునే కూర్చున్నావు.

మూడోవాళ్ళని వెతుకు. ఈసారి నువ్వు వాళ్ళకి జవాబులు చెప్పడం కాదు, వాళ్ళని అడుగు. ఏం చదివారు, ఇలా ప్రమాదం జరిగినవాళ్ళని ఎంతమందిని చూశారు, ఏ పద్ధతిలో చేస్తారు, సుమారు ఎన్నాళ్ళు పడుతుంది, కుదరకపోతే ఏం చేస్తారు. హెడ్మిస్ట్రెస్ చెప్పింది ఇవన్నీ. మొహమాటం పడకు. గుండీ కొనేటప్పుడు కూడా పది ప్రశ్నలు అడుగుతాం. మూడు నాలుగుసార్లు కూర్చున్నాక కూడా చంక కింద పట్టేసినట్టుంటే లేచి వచ్చెయ్, ఇంకొకళ్ళని చూద్దాం.

ఇదొక్కటీ పెద్ద అక్షరాలతో రాసినట్టు చదువుకో: దాచకు.

— అక్క

*

ఏప్రిల్ 5

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద, మీ మరదలి మీద కలిపి కోపంగా ఉన్నాను. మూడోరోజు నువ్వు రాసింది నిజమేననిపించి ఇంకా కోపం వచ్చింది.

మూడోవాళ్ళని పట్టాను, నువ్వు అడుగుతావని చిరునామా కవరు వెనక రాశాను. ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్ళనే ఎక్కువగా చూస్తుందట ఈవిడ. నాలుగో అంతస్తు. గదిలో రెండు కుర్చీలు, ఒక బల్ల, చప్పుడు చేసే ఫ్యాను, అంతే. నేను కూర్చోగానే మంచినీళ్ళిచ్చి, "మెట్లెక్కి వచ్చారా? లిఫ్టు బాగానే ఉంది కదా" అంది. అలవాటు, ఆరోగ్యానికి మంచిదని చెప్పబోయాను. నీ టేపు గుర్తొచ్చింది. "లిఫ్టు బాగానే ఉందండీ, నేనే బాగాలేను" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు నాలుగు అంతస్తులెక్కినదానికంటే ఎక్కువ ఆయాసం వచ్చింది.

నీ ప్రశ్నలన్నీ చీటీ తీసి చదివాను. ఒక్కటి కూడా దాటెయ్యకుండా చెప్పింది. ఎన్నాళ్ళంటే, "తేదీ చెప్పలేను, ఎనిమిదిసార్లు కలిశాక ఇద్దరం కూర్చుని చూద్దాం, ఫలితం లేకపోతే నేనే వేరే వాళ్ళ పేరు చెప్తాను" అంది. నా గడువు సంగతి చెప్పి, కంపెనీకి మీరేమైనా రాయాలా అని అడిగాను. అప్పుడు ఆవిడన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "చీటీ ఇచ్చేది నేను కాదండీ. నా దగ్గర మార్కులు తెచ్చుకున్నా మీకేమీ రాదు. కాబట్టి హాయిగా తప్పులు చెప్పొచ్చు."

రెండోసారి వెళ్ళినప్పుడు ఏం చేశామో తెలుసా? వాళ్ళ బిల్డింగు కింద లిఫ్టుకి పది అడుగుల దూరంలో బెంచీ వేసుకుని అరగంట కూర్చున్నాం. తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం చూశాం. భయం పదికి ఎంత ఉందని మధ్యమధ్యలో అడుగుతుంది. ఎనిమిదితో మొదలై అయిదుకి వచ్చింది. ఇంటికి పని కూడా ఇచ్చింది. రోజూ ఒకే వేళకి మంచం ఎక్కాలి, పొద్దున్నే అరగంట నడవాలి, భోజనాల దగ్గర మీ మరదలికి ఆ రోజు గురించి ఒక నిజం చెప్పాలి. నిన్న "నాకు ఇవాళ ఆఫీసులో ఊరికే ఏడుపొచ్చింది" అని చెప్పాను. తను కంచం పక్కకి జరిపి నా పక్కన కూర్చుంది.

ఇంకా ఒకటి చెప్పలేదు ఆవిడకి. ఎవరికీ చెప్పలేదు. చూద్దాం.

— తమ్ముడు

*

ఏప్రిల్ 12

బండోడా,

బెంచీ మీద కూర్చుని లిఫ్టు చూడ్డానికి ఫీజా? నేనైతే ఉచితంగా చూపించేదాన్ని. మీ బావ మాత్రం ఇది మంచి పద్ధతేనని కాగితం మీద రాసి చూపించాడు, కింద రెండు గీతలు కూడా గీశాడు. సరే, ఆయన మాట ఒకసారి విందాం.

ఎవరికీ చెప్పనిదేదో ఉందన్నావు. నాకూ చెప్పలేదంటే అది చిన్నది కాదు. నీ సంగతి నాకు తెలుసు, చిన్నప్పుడు జ్వరం వచ్చినా దుప్పటి కింద దాచుకునేవాడివి. మొదటి ఇద్దరిలా ఈ థెరపిస్టు కూడా పొరపాటుపడకూడదు. జూన్ ఎంతో దూరంలో లేదు. నా వంతు నేను చేశాను.

ప్యాంటు ఇప్పుడెలా ఉందో రాయి.

— అక్క

*

ఏప్రిల్ 22

అక్కకి,

"నా వంతు నేను చేశాను" అంటే ఏమిటో ఇవాళ తెలిసింది.

నేను వెళ్ళి కూర్చోగానే ఆవిడ సొరుగులోంచి లావుపాటి కవరొకటి తీసింది. మీద నీ దస్తూరీ. అంటించినది అంటించినట్టే ఉంది. "ఇది మీ గురించి వచ్చింది. మీకు తెలియకుండా మీ గురించి నేనేమీ చదవను. ఇది మీది" అని నా చేతిలో పెట్టింది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నలభై నాలుగేళ్ళొచ్చాయక్కా నాకు. నోరు తెరవడం నేర్చుకుందామని వెళ్తే నువ్వు నా కంటే ముందు అక్కడికి వెళ్ళి నా నోరు నువ్వే తెరిచావు. దాచకు అని నాకు చెప్పి, నాకు దాచి నువ్వు రాశావు. నీ దగ్గరికి వచ్చేవాడి కొలతలు వాళ్ళ అక్కనడిగి కుడతావా?

కవరు విప్పలేదు. విప్పాలని లేదు. కొన్నాళ్ళు రాయకు.

*

ఏప్రిల్ 29

తమ్ముడూ,

రాయకు అన్నావు. ఇదొక్కటీ రాసి ఊరుకుంటాను.

తప్పు చేశాను. నీకు మంచి చేస్తున్నాననుకుని నీ మీద నమ్మకం లేదని ఊరంతా చాటినట్టు చేశాను. నన్ను క్షమించు. ఆ కవరు చింపేసినా నేనేమీ అనుకోను. చదివితే మాత్రం ఆఖరి కాగితం వదలకు, అది నీ గురించి కాదు.

— అక్క

*

మే 24

అక్కా,

చదివాను. ఇంట్లో చదవలేక కవరు పట్టుకుని థెరపిస్టు దగ్గరికే వెళ్ళాను. మొదటి అయిదు కాగితాల్లో నా చిన్నప్పటి దొంగతనాలన్నీ ఉన్నాయి. పైకి చదువుతుంటే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది, నేనూ నవ్వాను. అక్టోబరు తర్వాత అంత నవ్వడం అదే మొదలు. ఆ అయిదింటికీ నీ మీద ఇంకా కొంచెం కోపం ఉంది.

ఆఖరి కాగితం పైకి చదవలేకపోయాను. చెవులు పోయాక రెండేళ్ళు నువ్వు గడప దాటలేదా? మాకందరికీ నడుంనొప్పి అని చెప్పావు. నేను వచ్చినప్పుడల్లా మంచం మీద కూర్చుని నేను చెప్పిన ప్రతిదానికీ తల ఊపేదానివి. "బావి అడుగున ఉన్నట్టుండేది, పైనుంచి ఎవరైనా పిలిచినా వినపడదు కదా" అని రాశావు. అక్కా, ఆ రెండేళ్ళూ నేను నెలకోసారి వచ్చి, తిని, నా లిఫ్టు కబుర్లు చెప్పి వెళ్ళిపోయాను. నాకేమీ కనపడలేదు.

కాగితం మడిచి బల్ల మీద పెట్టి, నా సంగతి చెప్పేశాను. ఇప్పుడు నీకూ చెప్తున్నాను. ఆ రోజు పొద్దున బ్రేకు దగ్గర కిర్రుమని చప్పుడు విన్నాను. చిన్నదే. భోజనాలయ్యాక చూద్దాంలే అనుకుని రిజిస్టరులో అంతా సవ్యం అని సంతకం పెట్టాను. గంట తర్వాత అదే బ్రేకు జారి, తాళ్ళ అవతలి కొసన ఉండే బరువు కిందికి లాగేసి, లిఫ్టు మమ్మల్ని నెత్తిన పెట్టుకుని నాలుగు అంతస్తులు పైకి పోయింది. నలభై నిమిషాలు పైకప్పుకీ నా ముక్కుకీ మధ్య జానెడు దూరం. పక్కన గురువుగారు మూలుగుతున్నారు. నేను చేసిందే ఇది అనుకుంటూ పడుకున్నాను. ఏడు నెలలుగా అక్కడే పడుకుని ఉన్నానక్కా.

ఆవిడ నీ తప్పేం లేదు అనలేదు. అని ఉంటే నమ్మేవాణ్ణి కాదు. "ఈ మాట ఎవరికి చెప్తే మీరు అక్కణ్ణుంచి లేవగలరు?" అని అడిగింది.

ఆదివారం గురువుగారింటికి వెళ్ళాను. రిటైరై, తొట్లలో మిరపమొక్కలు పెంచుకుంటున్నారు. నిలబడే చెప్పాను. ఆయన చేతిలో నీళ్ళ డబ్బా కింద పెట్టి, "ఆ చప్పుడు నేనూ విన్నాన్రా" అన్నారు. తను చెప్తే ముసలాడయ్యాడు, అనవసరంగా భయపడుతున్నాడు అని నేను అనుకుంటానని ఊరుకున్నారట. విరిగిన భుజం తనకి తగిన శాస్తి అనుకుని మందులు కూడా సరిగ్గా వేసుకోలేదట. ఇద్దరం ఆ మొక్కల మధ్య కూర్చుని చిన్నపిల్లల్లా ఏడ్చాం. వాళ్ళావిడ వచ్చి చూసి, ఎవరు పోయారని కంగారుపడింది.

సోమవారం ఇద్దరం కలిసి ఆఫీసుకి వెళ్ళి ఉన్నదంతా రాసిచ్చాం. నాకు మెమో ఇచ్చారు. దాంతోపాటే అన్ని బ్రాంచీలకీ కొత్త ఆర్డరు వెళ్ళింది, ఏ చప్పుడు విన్నా అక్కడికక్కడే పని ఆపాలని, ఆపినవాణ్ణి ఎవరూ ఏమీ అనకూడదని. ఆ మెమో తెచ్చి మీ మరదలికి చూపించి, ఆ పూట మంచం మీద వెల్లకిలా పడుకుని తెల్లారేదాకా నిద్రపోయాను.

నీకు రాయొద్దన్నందుకు నన్నూ క్షమించు.

— నీ తమ్ముడు

*

జూన్ 2

ఒరేయ్ నాన్నా,

మెమో వచ్చిందని ఇంత సంతోషంగా రాసినవాణ్ణి నిన్నే చూశాను. మొదట మెమో అన్న మాట చూసి ఉద్యోగం పోయిందనుకుని మిషను మీదే కూలబడ్డాను. మీ బావ ఉత్తరం లాక్కుని మిగతాది చదివి, ఇద్దరం చదివి, మళ్ళీ చదివి, షాపు మధ్యాహ్నమే కట్టేశాం.

ఆ రెండేళ్ళ గురించి అడిగావు. నాకప్పుడు థెరపిస్టు అనే మాటే తెలియదు. తెలిసుంటే రెండేళ్ళు పట్టేది కాదేమో. నన్ను లేపింది మీ బావ. రోజూ ఒక చొక్కా తెచ్చి, "గుండీ ఊడిపోయింది, కుట్టి పెట్టు" అని ఒళ్ళో పడేసేవాడు. తర్వాత పక్కింటివాళ్ళవి, ఆ తర్వాత ఆఫీసువాళ్ళవి. ఊళ్ళో దారం ఇంత నాసిరకం ఏమిటా అనుకునేదాన్ని. షాపు పెట్టిన మూడేళ్ళకి బయటపడింది, ఆ గుండీలన్నీ ఈ మహానుభావుడే బ్లేడుతో కోసి తెచ్చేవాడని.

నీకు చెప్పకపోవడానికి కారణం సిగ్గు. అక్కనన్న గర్వం. నువ్వేమో గ్రీజు కడిగేసుకుని ఇన్‌స్పెక్టర్లకి చూపించావు, నేను తల ఊపి అందరికీ చూపించాను. ఒక కడుపున పుట్టినవాళ్ళం కదా.

హెడ్మిస్ట్రెస్ చెప్తే, వినికిడి పోయినవాళ్ళు వారానికోసారి కలిసే చోటొకటి ఉందని తెలిసి పోయిన శనివారం వెళ్ళాను. ఎనిమిదిమందిమి ఉన్నాం. అందరం ఒకరిమీద ఒకరం అరుచుకున్నాం, ఎవరికీ ఏమీ వినపడలేదు, చాలా బాగుంది. మళ్ళీ వెళ్తాను.

పరీక్ష ఎప్పుడు? నాకు భయంగా ఉంది. చెప్పెయ్యాలని చెప్తున్నాను.

— అక్క

*

జూన్ 27

అక్కా,

ఇరవై మూడున కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అంతకుముందు రెండు వారాలూ థెరపిస్టూ నేనూ చాలా దూరం వచ్చాం. బెంచీ మీంచి తలుపు దాకా, తలుపు దగ్గర్నుంచి లోపలికి, ఒక అంతస్తు, రెండు, నాలుగు. మేం లిఫ్టు మీద నిలబడి పని చేసేటప్పుడు దాన్ని నెమ్మదిగా నడిపే స్విచ్చొకటి ఉంటుంది. ఆవిడ నన్ను ఆ వేగంతోనే నడిపింది. ఒకరోజు మూడో అంతస్తులో నా వల్ల కాలేదు. దిగిపోయాం. మర్నాడు మళ్ళీ ఎక్కాం.

డాక్టరు చేతిలో ముద్రించిన కాగితం, ముప్పై ప్రశ్నలు, పక్కన అవును కాదు గళ్ళు. నిద్ర పడుతోందా? "వారంలో అయిదు రోజులు పడుతుంది, రెండు రోజులు పట్టదండీ" అన్నాను. ఎత్తులో భయం వేస్తుందా? "వేస్తుంది. మొదటి నాలుగు నిమిషాలు గుండె దడదడలాడుతుంది, తర్వాత తగ్గుతుంది. తగ్గకపోతే దిగిపోయి తోటివాళ్ళకి చెప్తాను. వైద్యం తీసుకుంటున్నాను, ఇంకా మానలేదు." ఆయన కలం ఆపి నా వైపు చూశాడు. "ఇవన్నీ రాసుకోమంటారా? కాదు అంటే సరిపోయేది కదా. అందరూ అదే అంటారు" అన్నాడు. స్టోర్సులో బోల్టుల డబ్బాలు కళ్ళముందు కనిపించాయి అక్కా. "రాసుకోండి" అన్నాను. "మీరు రాయకపోతే నాతో పైన నిలబడేవాళ్ళకి ఇబ్బంది."

చాలాసేపు రాశాడు. చీటీ మడిచి ఇచ్చాడు. బయట మెట్ల మీద కూర్చుని విప్పాను. "షాఫ్టు పనికి తగినవాడు. మూడు నెలలు జోడీతో మాత్రమే. వైద్యం కొనసాగించాలి." దాని కింద చేత్తో ఇంకొక వాక్యం రాశాడు, "తన పరిస్థితి తనకి స్పష్టంగా తెలిసిన మనిషి" అని. మీ మరదలు దాన్ని ఫ్రేము కట్టిస్తానంటోంది. ఆఫీసులో ఇవ్వాలి, ఆగమన్నాను.

నిన్న ఎక్కాను. పదకొండు అంతస్తుల బిల్డింగు. నా కొత్త జోడీ ఇంకో బ్రాంచి నుంచి వచ్చిన ఆవిడ, నాకంటే ఏడాది పెద్ద, పద్దెనిమిదేళ్ళ అనుభవం, మాట తక్కువ. ఇద్దరం లిఫ్టు నెత్తిన నిలబడ్డాం, నెమ్మది స్విచ్చు వేశాం, పైకి బయల్దేరాం. తొమ్మిదో అంతస్తు దాటాక పైకప్పు కనిపించింది. నా చేతులు వణకడం మొదలైంది. ఆపు అన్నాను. లిఫ్టు ఆగింది.

"భయంగా ఉందండీ" అన్నాను. "నాలుగు నిమిషాలు పడుతుంది."

ఇరవై ఏళ్ళలో షాఫ్టులో ఎవరి నోటా ఆ మాట వినలేదు నేను. ఆవిడ నా వైపు చూసింది. హెల్మెట్ పట్టీ సరిచేసుకుని, "నాకు ప్రతిరోజూ ఉంటుంది. ఎవరితోనూ అనలేదు. నాకూ ఆ నాలుగు నిమిషాలు కావాలి" అంది.

ఇద్దరం ఆ చీకట్లో, లిఫ్టుని మోసే ఉక్కు తాళ్ళ పక్కన నిలబడ్డాం. నా భయం పదికి ఎనిమిది నుంచి ఆరు, ఆరు నుంచి నాలుగు. ఆవిడ తల ఊపింది, నేనూ ఊపాను. స్విచ్చు నేనే నొక్కాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి, వణుకుతూనే పని చేశాయి. పదకొండో అంతస్తు దాకా ఒక్కో బోల్టూ చూసుకుంటూ వెళ్ళి, తలుపు లోపలివైపు నుంచి తెరిచి, వెలుతుర్లోకి నడిచొచ్చాను.

— నీ తమ్ముడు, లిఫ్టు మెకానిక్